అప్‌డేట్: టీకా తర్వాత మా కుక్కపిల్లకు ముఖం వాచిన విషయం

టీకా వేయించిన గంటలోపే మా కుక్కపిల్లకు ముఖం వాచి దద్దుర్లు వచ్చాయని, టీకా వల్లేనని తేలకుండా దాన్ని టీకా దుష్ప్రభావంగా రిపోర్ట్ చేయొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చేయొచ్చు. అనుమానం ఉంటే చాలు, రుజువు అక్కర్లేదని పశువుల డాక్టర్ గారే చెప్పి నా ఎదురుగానే ఫారం నింపారు. టీకా పేరు, బ్యాచ్ నంబర్, ఎన్నో డోసు, ఎంతసేపటికి వాపు మొదలైంది, వాడుతున్న ఇతర మందులు, వయసు, బరువు అన్నీ రాశారు. సీసా లేబుల్‌ను ఆయన రికార్డులో అంటించి ఉంచారు కాబట్టి బ్యాచ్ నంబర్ దొరికింది. అందరూ ఇలా చేస్తే ఎంత బాగుంటుందో! మందు పనిచేయకపోయినా, పశువుల మందు సూది మనిషికి గుచ్చుకున్నా రిపోర్ట్ చేయవచ్చట, ఇది నాకు కొత్త. పిల్ల ఇప్పుడు హుషారుగా ఉంది. తర్వాతి డోసు ముందు ఈ సంగతి తప్పక గుర్తుచేయమన్నారు. నా టెన్షన్ తగ్గింది, సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.