ఎరువు సొమ్మా, ఎరవు సొమ్మా?

అరసున్న:
జనాభా పెరుగుదల మీద ఎప్పుడో విన్న ఉపన్యాసంలో ఒక వాక్యం ఈమధ్య తరచూ నోట్లో ఆడుతోంది, పూర్తిగా మాత్రం రావడం లేదు. “ఇన్ని వందల కోట్లమందిమి ఎరువు సొమ్ము మీద బతుకుతున్నాం. ఎరువు సొమ్ము...” అక్కడితో ఆగిపోతోంది. తర్వాత “బరువు చేటు” అన్నారా, “నేలకు బరువు” అన్నారా? ఈ సామెతను జనాభాకు వాడగా ఎవరైనా చదివారా?

యడాగమం:
“ఎరువు సొమ్ము బరువు చేటు” అండీ. “నేలకు బరువు” అన్నది “తిండికి చేటు నేలకు బరువు” లోది. రెండింట్లోనూ చేటూ బరువూ ఉన్నాయి కాబట్టి కలిసిపోతుంటాయి. ఆయన ఏది వాడారన్నది అటుంచి, మొదటి మాట ఎరువు కాదు, ఎరవు. తిరిగిచ్చే షరతు మీద తెచ్చుకున్నది ఎరవు. చేలో వేసేది ఎరువు. ఆ తేడా పోతే సామెతే పోయినట్టు.

ద్రుతం:
ఎందుకు పోతుంది? అనేవాళ్లకూ వినేవాళ్లకూ అర్థమవుతూనే ఉందిగా. చివర “వు” ఉంటే ముందక్షరం ఉకారం వైపు ఒరగడం మన నోటికి అలవాటే. పైగా పక్కనే “బరువు” ఉంది. ఎరువు, బరువు అని జోడీ కుదిరింది కాబట్టే సామెత నిలిచింది.

యడాగమం:
ప్రాసకు హల్లు కలిస్తే చాలు, అచ్చుతో పనిలేదు. ఎరవుకూ బరువుకూ కూడా కుదిరినట్టే. కాబట్టి ప్రాసను సాక్ష్యానికి పిలవకండి. తమిళం చూడండి: తెచ్చుకుని తిరిగిచ్చేది ఇరవల్, పొలానికి వేసేది ఎరు. మొదలే వేరు.

తలకట్టు:
ఇద్దరూ “ర” దగ్గరే ఆగిపోయారు, సొమ్ము సంగతి పట్టించుకోలేదు. ఇక్కడ సొమ్ము డబ్బు కాదు, నగ. డబ్బు అప్పు తెస్తే అదే నోటు తిరిగివ్వక్కర్లేదు, అంత మొత్తం ఇస్తే చాలు. ఎరవు నగ అయితే ఆ నగే ఇవ్వాలి, రాయి ఊడకుండా. మెడలో ఉన్నంతసేపూ టెన్షనే, బరువంటే అదీ. ఉపన్యాసం చెప్పినాయన ఈ తేడా తెలిసే వాడి ఉంటారు. అడవి కొట్టేసి, విలువ కట్టి చెల్లిస్తామంటే కుదరదు. తిరిగివ్వాల్సింది అడవినే.

గసడదవ:
ఆయన “ఎరువు” అనే అన్నారని నేను గట్టిగా నమ్ముతాను, రెండు అర్థాలూ కలిసి రావాలని. జనాభా చరిత్ర తెలిసినవాళ్లకు ఈ మాట ఊరికే తట్టదు.

మాల్థస్ అనే ఆర్థికవేత్త 1798లో జనం పెరిగే వేగాన్ని తిండి అందుకోలేదన్నప్పుడు ప్రపంచంలో ఉన్నది దాదాపు 100 కోట్లు. తర్వాతి శతాబ్దంలో పెరూ తీరంలోని చించా దీవుల నుంచి పక్షుల రెట్టను ఎరువు కోసం ఓడలకెత్తి యూరప్‌కు తీసుకెళ్లారు. వేల ఏళ్లుగా పేరుకున్న గుట్టలు కొన్ని దశాబ్దాల్లో తరిగిపోయాయి. 1898లో విలియం క్రూక్స్ అనే రసాయన శాస్త్రవేత్త, నత్రజనిని గాలిలోంచి పట్టే దారి కనిపెట్టకపోతే గోధుమలకు కటకట తప్పదని బహిరంగంగా హెచ్చరించాడు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా తయారు చేసి చూపించాడు, కార్ల్ బాష్ దాన్ని 1913 నాటికి జర్మనీలోని ఒప్పావు ఫ్యాక్టరీకి ఎక్కించాడు. ఇవాళ సుమారుగా ప్రపంచంలో సగం మంది తినే తిండి ఆ పద్ధతిలో తయారైన నత్రజని మీదే పండుతోంది. 2022 నవంబర్ 15న 800 కోట్లు దాటామని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. అందులో సగం మంది కంచం కింద ఎరువుల ఫ్యాక్టరీ ఉంది.

ఆ ఫ్యాక్టరీకి హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు నుంచి వస్తుంది, కొన్నిచోట్ల బొగ్గు నుంచి. కోట్ల ఏళ్ల నాటి నిల్వ అది. అమెరికాలో ఒగల్లాల భూగర్భ జలాలదీ అదే కథ. చాలా చోట్ల వానతో దిగే నీటికంటే మోటార్లు తోడేది ఎక్కువ. ఇది ఎరువు సొమ్మూ, ఎరవు సొమ్మూ కూడా. ఇంతకన్నా సరిగ్గా అతికే మాట తెలుగులో ఇంకొకటి నాకు కనపడలేదు.

యడాగమం:
బాగా చెప్పారు. కానీ మీ వివరణే నా వైపు వస్తోంది. ఆ నత్రజనిలో చేలు అందుకునేది సగం కూడా ఉండదు, మిగతాది నీళ్లలోకో గాలిలోకో పోతుంది. మిసిసిపీ నది మోసుకెళ్లింది మెక్సికో సింధుశాఖలో చేరి ప్రతి వేసవీ చేపలు బతకలేని మేర ఏర్పడుతోంది. తెచ్చినది తెచ్చినట్టు తిరిగివ్వలేకపోవడమే ఇక్కడి చేటు. అది ఎరవులో ఉంది, ఎరువులో లేదు.

ద్రుతం:
నిఘంటువుల్లో అరువు అర్థానికి ఎరువు రూపం కూడా ఉందండీ. లేనట్టు మాట్లాడకండి.

పొల్లు:
నాకు “బరువు” మీద అభ్యంతరం ఉంది. ఎవరి బరువు? 2018లో అచ్చయిన ఒక అంచనా ప్రకారం భూమ్మీది క్షీరదాలన్నిటినీ తూస్తే అందులో మనుషులు 36 శాతం, మనం పెంచే పశువులు 60 శాతం, అడవి జంతువులు, సముద్రంలో తిమింగలాలతో సహా, 4 శాతం. అంటే నేల మీద మన ఒంటికంటే మన మంద బరువు ఎక్కువ. మనుషుల్లో మాత్రం అందరిదీ ఒకటే బరువా? కర్బన ఉద్గారాల్లో దాదాపు సగం, ఆదాయంలో పైనున్న పదిశాతం మంది ఖాతాలోకే వెళ్తుంది. “తిండికి చేటు నేలకు బరువు” అని తలలు లెక్కపెట్టి తిట్టేవాళ్లు, తక్కువ తిని తక్కువ వాడే మనిషినే ఎప్పుడూ వేలెత్తి చూపిస్తారు. ఉపన్యాసకుడు ఆ సామెత వాడి ఉంటే నేను ఒప్పుకోను. ఎరువు సొమ్ము సామెతే వాడి ఉంటే చేతులెత్తి మొక్కుతాను, ఎందుకంటే అది పుట్టినవాణ్ణి తప్పుపట్టదు, పెట్టుకున్న నగను చూస్తుంది.

తలకట్టు:
పొల్లు గారూ, తలల లెక్క అసలు వద్దంటే ఎలా? ఒక్కొక్కరి వాడకాన్ని ఎంతమందితో గుణించాలో తెలియాలిగా. 1960లలో ఏడాదికి 2 శాతం దాటిన పెరుగుదల ఇప్పుడు 1 శాతం కన్నా తక్కువ, నిజమే. 2080ల మధ్యలో సుమారు 1,030 కోట్ల దగ్గర ఆగి దిగుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. ఆగేలోపు ఇంకో 200 కోట్ల మంది వస్తారు. వాళ్లు తక్కువ వాడుతూ బతకాలని మనం కోరుకోకూడదు కదా.

ఇక భారం అన్న ఊహ కొత్తదేం కాదు. వ్యాస భారతం అరణ్యపర్వంలో లోమశ మహర్షి చెప్పే వరాహ కథ చూడండి. కృతయుగంలో ఆదిదేవుడే యముడి పని చేపట్టాడు. చావులు ఆగాయి, పుట్టుకలు మాత్రం ఆగలేదు. పక్షులు, పశువులు, మనుషులు వేలకు వేలు పెరిగి, భూమి ఆ బరువుకు నూరు యోజనాలు కిందికి కుంగింది. అందులో పాపుల ప్రస్తావన లేదు, దుష్టశిక్షణ లేదు. ఉత్త లెక్క. హిరణ్యాక్షుడు లేని వరాహం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ద్రుతం:
లెక్కే కావాలంటే వేమన దగ్గరికి రండి. “పుట్టలోన చెదలు పుట్టదా గిట్టదా”. పుట్టడం, గిట్టడం అన్న రెండు క్రియలతో జనాభా శాస్త్రమంతా సరిపెట్టాడు. పైగా పుట్టకూ పుట్టుకకూ ముడిపెట్టాడు. అంత పొదుపు ఇంకెవరికి వచ్చింది?

పొల్లు:
అది తల్లిదండ్రుల మీద దయలేని కొడుకు గురించి. జనసమూహాలకు అంటగట్టకండి. మనుషుల్ని చెదలతో పోల్చడం మొదలుపెడితే తర్వాత మాట ఏమిటో మనకు తెలుసు.

ద్రుతం:
అంటగట్టడం లేదమ్మా, వేమన చూపు గురించి అంటున్నాను. ఆయన కోపం ఒక్కడి మీదే, మీరు చెప్పినట్టు.

యడాగమం:
నేను విన్నది “పుట్టవా గిట్టవా”. చెదలు బహువచనం కదా.

ద్రుతం:
బహువచనమైతే “చెదలు పట్టింది” అని ఎందుకంటున్నాం? ఒకటొకటిగా లెక్కకు రానిదాన్ని ఏకవచనంలో చెప్పడం తెలుగుకు ఇష్టం. జనం కూడా అంతే. “జనం వచ్చారు” అంటాం, “జనం పెరిగింది” అనీ అంటాం. ముఖాలు కనపడితే బహువచనం, రాశిగా కనపడితే ఏకవచనం.

గసడదవ:
ఇది మంచి పరిశీలన. “జనాభా పెరిగింది” అన్నప్పుడు ఒక్కరి ముఖమూ కనపడకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

అరసున్న:
అందరికీ ధన్యవాదాలు. ఆయన ఏమన్నారో నాకింకా గుర్తు రాలేదు. గసడదవ గారి మాట నిజమైతే బాగుండునని ఉంది.

యడాగమం:
గుర్తొస్తే ఆయన “ర” అన్నారో “రు” అన్నారో తప్పకుండా రాయండి. ద్రుతం గారూ, మీ లెక్కన “చీమలు పట్టింది” అని కూడా అనాలి, ఎవరూ అనరే? చీమల్ని మనం లెక్కపెడుతున్నామా?