తియానన్మెన్: 'అల్లకల్లోలం' అన్న మాట ముందొచ్చింది, తూటా తర్వాత

గోదారిగట్టు: 1989 ఏప్రిల్ 26న చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ సంపాదకీయం విద్యార్థుల ఉద్యమాన్ని 'అల్లకల్లోలం' అంది. అప్పటికి బీజింగ్ పిల్లలు చేసిందల్లా పార్టీ మాజీ అధినేత హూ యావోబాంగ్ చనిపోతే దండలు పెట్టడం, ఊరేగింపులు తీయడం, క్లాసులు మానేయడం, నాయకులు మాతో మాట్లాడాలని అడగడం. మే 20న మార్షల్ లా, జూన్ 3 రాత్రి సైన్యం కాల్పులు. చంపేశాక వెతుక్కున్న సాకు కాదిది, ఐదు వారాల ముందే రాసి పెట్టుకున్నది.

నిక్కచ్చి: తియానన్మెన్ స్క్వేర్‌లో ఊచకోత జరగలేదు. జూన్ 4 తెల్లవారుజామున సైన్యంతో మాట్లాడుకుని విద్యార్థులు నడిచి బయటికొచ్చారు. మీ హెడ్డింగే తప్పు.

గోదారిగట్టు: నేను స్క్వేర్ అన్నానా? ఎక్కువమంది పోయింది చంగాన్ రోడ్డు మీద, పడమర వైపు ముషిదీ దగ్గర. తర్వాత 'తియానన్మెన్ తల్లులు' బృందం పెట్టిన డింగ్ జిలిన్ గారి పదిహేడేళ్ల కొడుకు అక్కడే పోయాడు. ప్రభుత్వం లెక్కలోనే 200 మందికి పైగా పౌరులున్నారు.

నిక్కచ్చి: హెడ్డింగ్‌లో తియానన్మెన్ అని ఉందా లేదా?

ఉప్పుకారం: ఈ టాపిక్ రేపటికి లాక్ అవుతుంది 😀

తెల్లకోటు: నేను ఎంబీబీఎస్ చైనాలో చదివా. ఒకసారి హాస్టల్లో చైనీస్ ఫ్రెండ్‌ని దీని గురించి అడిగాను. ఫోన్ తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసి, "వాన వచ్చేట్టుంది" అన్నాడు. ఎండ మండిపోతోంది బయట.

నిక్కచ్చి: ఏప్రిల్ 22న షియాన్, చాంగ్షా నగరాల్లో లూటీలు జరిగాయి, నిప్పు పెట్టారు. అది ఎవరూ రాయరే? తర్వాత బీజింగ్‌లో సైనికులనూ చంపారు.

గోదారిగట్టు: కిటుకు అక్కడే ఉంది. ఎక్కడో లూటీ జరిగితే బీజింగ్ పిల్లలకూ అదే పేరు. జూన్ 9న చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ సైనికాధికారులతో మాట్లాడుతూ ముందు చనిపోయిన సైనికులకే నివాళి చెప్పాడు. కాల్పులయ్యాక 'విప్లవ ప్రతీఘాత తిరుగుబాటు' అన్నారు, వేడి తగ్గాక అదే 'రాజకీయ కలకలం' అయింది. చచ్చినవాళ్లు మాత్రం వాళ్లే.

నిక్కచ్చి: మీకు ఇదంతా చదువుకున్న సంగతి. ఒక బంద్ రోజు మా నాన్న సైకిల్ షాపు తగలబెట్టారు. ముందురోజే దించిన పద్నాలుగు టైర్లు. వీధి చివర పోలీసులు నిలబడి చూశారు. ఆ రోజు ఎవరైనా గాల్లోకి ఒక్కసారి పేల్చుంటే మేం అప్పులపాలయ్యేవాళ్లం కాదు.

గోదారిగట్టు: బీజింగ్‌లో పేల్చింది గాల్లోకి కాదు సార్.

నిక్కచ్చి: వెటకారం వద్దు. దెబ్బ తగిలినోడికి తెలుస్తుంది.

గోదారిగట్టు: తగిలింది కాబట్టే చెప్తున్నా. డిగ్రీలో మెస్ బిల్లు తగ్గించమని గేటు ముందు కూర్చున్నాం. లాఠీ మోచేతి మీద పడింది, ఇప్పటికీ చెయ్యి పూర్తిగా చాపలేను. మర్నాడు పేపర్లో 'అసాంఘిక శక్తులు' అని వేశారు. మా అమ్మ ఆ పేపరు పక్కింటివాళ్లకు కనపడకుండా బియ్యం డబ్బా కింద పరిచింది.

నిక్కచ్చి: మరి షాపు తగలబెట్టినవాళ్లను ఏమనాలి?

గోదారిగట్టు: పేర్లతో పిలవాలి. పేరు పెట్టి కేసు రాయాలి. 'శక్తులు' అంటే అందులో వాళ్లూ నేనూ ఒకటే అయిపోతాం.

నిక్కచ్చి: పేర్లు ఎవరూ చెప్పలేదు. కేసు కొట్టేశారు.

నిక్కచ్చి: స్క్వేర్ గురించి నేను చెప్పింది మాత్రం కరెక్టే.