డీజిల్ కాలిబ్రేషన్ నుంచి ఈవీ పవర్‌ట్రెయిన్‌లోకి: నాలుగేళ్ల అనుభవం పనికొస్తుందా, మళ్లీ మొదటి నుంచేనా?

డీజిల్‌బండి_పుణె:
అందరికీ నమస్తే. మాది తణుకు దగ్గర పల్లె, మెకానికల్ చదివి నాలుగున్నరేళ్లుగా పుణెలో డీజిల్ ఇంజిన్ కాలిబ్రేషన్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు సరిదిద్దే పని) చేస్తున్నాను. 2023లో పొగ నిబంధనల్లో బీఎస్6 రెండో దశ వచ్చినప్పుడు ఊపిరాడనంత పని, ఇప్పుడేమో పాత ప్రాజెక్టులకు మెరుగులు దిద్దడమే తప్ప కొత్త ఇంజిన్ ఒక్కటీ రావట్లేదు. పక్క బేలో డీజిల్ ఇంజిన్లను పరీక్షించే డైనో పీకేసి మోటార్ టెస్ట్ బెంచ్ పెట్టారు. రోజూ దాని ముందు నుంచే టీకి వెళ్తుంటాను, ఆ నారింజ రంగు హై ఓల్టేజ్ కేబుళ్లు చూసినప్పుడల్లా ఒకటే గుబులు. ఈవీ పవర్‌ట్రెయిన్ (బండిని నడిపే మోటార్, దాని కంట్రోల్) వైపు రావాలంటే నాలాంటివాడు ఎం.టెక్ చేయాలా? ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సు, అరవై వేలు అంటున్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం ఉన్న ఉద్యోగం వదలొద్దంటున్నారు. తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

కాయిల్_కబుర్లు:
తమ్ముడూ, ముందు ఆ అరవై వేలు జేబులోనే ఉంచు. నేనూ 2021లో పెట్రోల్ ఇంజిన్ నుంచి మోటార్ కాలిబ్రేషన్‌కి ఇలాగే దూకాను. ఇన్కా (INCA) అనే కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్, ఏ సెట్టింగు ఎక్కడుందో చెప్పే ఏ2ఎల్ ఫైల్, మ్యాప్‌లు (సెట్టింగుల పట్టికలు) నింపడం, రాత్రంతా బెంచ్ నడిపి పొద్దున డేటా చూసుకోవడం, ఇవన్నీ ఇక్కడా అవే. అక్కడ స్పీడు, లోడు బట్టి ఇంజెక్షన్ టైమింగ్ వెతికేవాడివి, ఇక్కడ స్పీడు, టార్క్ బట్టి ఐడీ, ఐక్యూ అనే రెండు కరెంట్లు వెతుకుతావు, తక్కువ కరెంటుతో ఎక్కువ టార్క్ వచ్చే జంట ఏదా అని. అదీ ఒక్క ఉష్ణోగ్రత దగ్గర చేస్తే చాలదు. మోటార్‌లో తిరిగే భాగమైన రోటర్‌లోని నియోడిమియం అయస్కాంతం ఒక్కో డిగ్రీ వేడెక్కేకొద్దీ బలం సుమారు 0.1 శాతం తగ్గుతుంది, అంటే వంద డిగ్రీలకు పదో వంతు హరీ.

నేను మొదట్లోనే పరువు పోగొట్టుకున్నాను. రోటర్ ఏ కోణంలో ఉందో చెప్పే రిజాల్వర్‌కి ఆఫ్‌సెట్ సరిచూడకుండా టార్క్ అడిగాను. కరెంటు బాగా లాగుతోంది, షాఫ్ట్ దగ్గర సగం టార్క్ కూడా లేదు, స్టేటర్ (తీగచుట్టలుండే కదలని భాగం) వేడి మాత్రం చకచకా పెరిగిపోతోంది. అది నాలుగు ఉత్తర-దక్షిణ పోల్ జతల మోటార్, షాఫ్ట్ మీద 15 డిగ్రీల తేడా అంటే ఎలక్ట్రికల్‌గా నాలుగింతలు, 60 డిగ్రీలు, అయస్కాంతం ఇచ్చే టార్క్ సగానికి పడిపోతుంది. ఈ లెక్క ఏ కోర్సువాడూ చెప్పలేదు, మా బెంచ్ టెక్నీషియన్ టీ గ్లాసు పట్టుకుని చెప్పాడు.

గేట్‌డ్రైవర్:
పై అన్న చెప్పింది సగమే ఒప్పుకుంటాను. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా మ్యాప్‌లు నింపితే నువ్వు బటన్లు నొక్కే మనిషివే అవుతావు, ఆ పని రేపు స్క్రిప్టు చేసేస్తుంది. నేను బెంగళూరులో ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీని మోటార్‌కి ఏసీగా మార్చే పెట్టె) వైపు ఉంటాను, ఇంటర్వ్యూల్లో అందరినీ ఒకటే అడుగుతాను: బండి వంద స్పీడులో ఉండగా ఇన్వర్టర్ స్విచ్చులన్నీ ఒక్కసారి ఆపేస్తే ఏమవుతుంది? ‘మోటార్ ఫ్రీగా తిరుగుతుంది సార్’ అంటారు పదిమందిలో ఎనిమిది మంది. తిరిగేది శాశ్వత అయస్కాంతం కదయ్యా, అది జనరేటర్ అయిపోతుంది! ఫీల్డ్ వీకెనింగ్‌లో (అయస్కాంత ప్రభావాన్ని తగ్గించే కరెంటుతో) నొక్కిపెట్టిన బ్యాక్ ఈఎమ్‌ఎఫ్ (తిరిగే మోటార్ తానే పుట్టించే ఓల్టేజీ) బ్యాటరీ ఓల్టేజీని దాటితే డయోడ్ల గుండా కరెంటు వెనక్కి తోస్తుంది, బండికి అనుకోని బ్రేకు పడుతుంది, అదే సమయానికి బ్యాటరీని కలిపే కాంటాక్టర్ తెరుచుకుని ఉంటే కెపాసిటర్ మీద ఓల్టేజీ ఎగబాకి స్విచ్చులు పేలిపోతాయి. అందుకే ఎక్కువ స్పీడులో కింది మూడు స్విచ్చులనూ కావాలనే షార్ట్ చేసి, ఆ కరెంటును మోటార్‌లోనే తిరగనిస్తాం. ఇది అర్థమైతే నీకు డిగ్రీ ఏదైనా నాకు అనవసరం.

ఇంకోటి, రెజ్యూమెలో ‘ఈవీ పవర్‌ట్రెయిన్’ అని రాయకు. ఆ పేరుతో ఉద్యోగం ఉండదు. ఇన్వర్టర్ హార్డ్‌వేర్, మోటార్ డిజైన్, కంట్రోల్ సాఫ్ట్‌వేర్, బ్యాటరీని కాచే బీఎమ్‌ఎస్, కూలింగ్, గేర్‌బాక్స్ శబ్దం, అన్నీ వేర్వేరు దుకాణాలు. ఇంజిన్ చప్పుడు లేకపోయేసరికి గేర్ కూత బాగా వినిపిస్తుంది, కాబట్టి మెకానికల్ వాళ్లకు అక్కడ కూడా చాలా పని ఉంది. చదువు సంగతంటావా, ఐఐటీ మద్రాస్ ఝున్‌ఝున్‌వాలా గారి ఈవీ కోర్సు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉంది, ముందు అది పూర్తి చెయ్.

నెకార్_ఒడ్డున:
స్టుట్‌గార్ట్ నుంచి రాస్తున్నాను. దయచేసి రాజీనామా చేయకండి. ఇక్కడ ఈవీ అమ్మకాలు అనుకున్నంత పెరగక, సరఫరా కంపెనీలు డీజిల్ వాళ్లతో పాటు ఈవీ వాళ్లనూ తగ్గించుకున్నాయి, హైబ్రిడ్‌ల పని మాత్రం మళ్లీ ఊపందుకుంది. ఇంజిన్, మోటార్ రెండూ తెలిసినవాడికి అక్కడ గిరాకీ. పైగా 2025 ఏప్రిల్‌లో చైనా ఈ అయస్కాంతాల్లో వాడే డిస్ప్రోసియం, టెర్బియం లాంటి వాటి ఎగుమతికి లైసెన్సు మెలిక పెట్టాక అయస్కాంతం లేని మోటార్ల మీద అందరి చూపూ పడింది. అవి కొత్తేమీ కాదు లెండి, రోటర్‌లో అయస్కాంతం బదులు తీగచుట్ట ఉండే రకం రెనో జోయీ కారులో 2012లోనే వచ్చింది, బీఎమ్‌డబ్ల్యూ 2020లో ఐఎక్స్3లో పెట్టింది. అందులో రోటర్‌కి కూడా కరెంటు పంపాలి, అంటే ఐడీ, ఐక్యూతో పాటు మూడోదీ వెతకాలి. కాలిబ్రేషన్ పని పెరుగుతుందే గానీ తగ్గదు.

ట్రిపుల్‌ఈ_కాకినాడ:
అన్నలూ, మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా కాలేజీకి సాఫ్ట్‌వేర్ కంపెనీలే వస్తున్నాయి. ఫైనల్ ఇయర్‌లో ఏం చేస్తే మీ వైపు ఎవరైనా చూస్తారు?

గేట్‌డ్రైవర్:
పాత ఈ-స్కూటర్ హబ్ మోటార్ (చక్రంలోనే ఉండేది) ఒకటి సంపాదించు, నువ్వే కంట్రోలర్ రాసి తిప్పు. ముందు సిక్స్ స్టెప్ (కరెంటును ఆరు మెట్లలో మార్చే తేలిక పద్ధతి), తర్వాత ఎఫ్‌ఓసీ (ఐడీ, ఐక్యూలను విడివిడిగా అదుపు చేసే పద్ధతి). లిథియం బ్యాటరీ జోలికి వెళ్లకు, కరెంటు లిమిట్ ఉన్న బెంచ్ సప్లై చాలు, రెండు మూడు మాస్‌ఫెట్లు (స్విచ్చులు) కాలతాయి, కాలితే కాలనివ్వు. కరెంటు వేవ్‌ఫామ్ ఫోటో రెజ్యూమెతో పంపు, వంకరగా ఉన్నా సరే, ఎందుకు వంకరగా ఉందో చెప్పగలిగితే చాలు.

డీజిల్‌బండి_పుణె:
అందరికీ థాంక్స్. నిన్న టీకి వెళ్తూ పక్క బేలో ఆగాను. రిజాల్వర్ ఆఫ్‌సెట్ ఎలా చూస్తారని అడిగితే అక్కడి సీనియర్ ఒక నిమిషం నా వంక చూసి, కుర్చీ లాగి కూర్చోమన్నారు, గంటన్నర అయింది. రాత్రి షిఫ్ట్‌కి మనిషి కావాలట, మా మేనేజర్‌ని అడిగి చూస్తానన్నారు. ఈలోగా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు, అరవైని నలభై ఐదుకి దించారు.