మూతపడిన రైస్ మిల్లును గ్రంథాలయంగా మార్చవచ్చా?

ప్రశ్న:
పాలకొల్లు దగ్గర, కాలువ గట్టున ఉన్న మా ఊరి రైస్ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ధాన్యం పడవల మీద వచ్చిన రోజుల్లో కట్టినది కాబట్టి దాని ముఖద్వారం రోడ్డు వైపు కాక కాలువ వైపు ఉంది. పెంకుల కప్పు, టేకు దూలాలు, ఇటుకల పొగగొట్టం, ఉప్పుడు బియ్యానికి ఉడికించిన ధాన్యాన్ని ఆరబోసిన పెద్ద చప్టా ఇంకా మిగిలే ఉన్నాయి. యజమానులు దాన్ని ఊరికి ఇవ్వడానికి సుముఖంగా ఉన్నా, పడగొట్టి కల్యాణ మండపం కట్టాలని కొందరు పెద్దలు పట్టుబడుతున్నారు. గ్రంథాలయానికి, హరికథలకు, నాటకాలకు ఆ కట్టడం పనికివస్తుందని నా నమ్మకం. పని దేనితో మొదలుపెట్టాలి?

జవాబు (విశ్రాంత ఇంజనీరు, అమలాపురం):
ముందు కప్పు సంగతి చూడండి. దూలం నడుమ ఎంత గట్టిగా కనిపించినా, గోడలో కూర్చున్న చివర చెమ్మకు కుళ్లుతుంది, చెదలూ అక్కడే పడతాయి కనుక ప్రతి చివరనూ పొడిచి చూడవలసిందే. గోడలు సున్నంతో కట్టినవైతే దయచేసి సిమెంటు పూత వేయనివ్వకండి. మన డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. ఇటుక పీల్చుకున్న ఆ చెమ్మ సున్నపు పూత గుండా ఆరిపోతుంది గానీ, సిమెంటు దాన్ని లోపలే బంధించడంతో ఉప్పు పేరుకుని ఇటుక పిండిపిండిగా రాలుతుంది. నిటారుగా ఉందని కొలిపించి రూఢి చేసుకునేవరకు పొగగొట్టం దరికి పిల్లలను వెళ్లనివ్వకండి. పుస్తకాలను గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా ఉంచాలి.

జవాబు:
బ్రెజిల్‌లోని సావో పాలోలో ఇనుప పీపాలు (డ్రమ్ములు) తయారుచేసే ఒక పాత కర్మాగారం 1982లో సాంస్కృతిక కేంద్రంగా తెరుచుకుంది. వాస్తుశిల్పి లీనా బో బార్డి మొదట ఆ కట్టడాన్నే గమనించారు. మరోసారి ఒక శనివారం వెళ్లినప్పుడు పిల్లలు, తల్లులు, వృద్ధులు అక్కడ సంతోషంగా గడపడం చూసి, ఆ సందడి చెడకుండా నిలపడమే తన పని అనుకున్నారు. అందుకే షెడ్లను పడగొట్టకుండా వాటిలోనే గ్రంథాలయానికి, నాటకశాలకు, చేతిపనుల శాలలకు చోటు కల్పించారు. మీ చప్టా మీద ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో, పిల్లలు ఏం ఆడుకుంటున్నారో కొన్నాళ్లు గమనించి, ఆ తర్వాతే నక్షా గీయించండి.

జవాబు:
మా అమ్మ అలాంటి చప్టా మీదే ఎండలో ధాన్యాన్ని కాళ్లతో తిరగేస్తూ కూలి చేసింది. మబ్బు పడితే చాలు, అందరూ పరుగున వచ్చి ధాన్యాన్ని కుప్పచేసి కప్పేవారని ఇప్పటికీ చెబుతుంది. బాయిలరును పాత ఇనుముకు అమ్మేయకండి. దాన్ని నడిపినవారు, బస్తాలు మోసినవారు, ధాన్యం ఆరబోసినవారు మీ ఊళ్లో ఇంకా ఉంటే, మరమ్మతులు మొదలుకాకముందే వారిని లోపలికి తీసుకువెళ్లి, ఎక్కడ ఏ పని జరిగేదో వారి మాటల్లోనే రికార్డు చేయండి. చప్టాను టైల్స్ పరచకుండా ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే హరికథ, నాటకం అక్కడే ఆడవచ్చు, పెళ్లి పందిరీ అక్కడే వేయవచ్చు. ఈ మాట ముందుగా ఆ పెద్దలకు చెప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. బాయిలరు దగ్గర పనిచేసిన ఒక తాతగారు ఉన్నారు. ఈ ఆదివారం ఆయనను మిల్లుకు తీసుకువెళ్తాను.