హాస్టల్లో తోటి పిల్లలే కొడుతుంటే మీరేం చేశారు?

నెల్లూరు అమ్మ:
మా అబ్బాయి ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు తలకు నూనె రాస్తుంటే చెవుల వెనుక గోళ్ల గాట్లు కనిపించాయి. రెండు రోజులు నోరు విప్పలేదు. పదో తరగతి పిల్లలు ముగ్గురు తెల్లవారుజామునే లేపి తమ బకెట్లు నింపిస్తున్నారని, కాదంటే దుప్పటి కప్పి కొడుతున్నారని చివరికి చెప్పాడు. వార్డెనుకు ఫోన్ చేస్తే, "మగపిల్లలన్నాక ఇవి మామూలేనమ్మా" అన్నారు. ఇటువంటిది అనుభవించినవారు ఏం చేశారో దయచేసి చెప్పండి.

ఖమ్మం నాన్న:
అమ్మా, మావాడి విషయంలో ప్రిన్సిపాల్ అందరినీ పిలిపించి, క్షమాపణ చెప్పించి, రాజీ కుదిర్చారు. మేమూ ఊరట పడి ఇంటికి వచ్చేశాం. ఆ రాత్రే వాడి ట్రంకు పెట్టె తాళం పగలగొట్టి, నోటు పుస్తకాలన్నీ బకెట్లో ముంచారు. రాజీ చేసిన పెద్దలు ఎవరిళ్లకు వారు వెళ్లిపోతారు, పిల్లవాడు మాత్రం అదే గదిలో, వాళ్ల మధ్యే పడుకోవాలి. రెండోసారి ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో రాసిచ్చి, అందినట్లు సంతకం తీసుకున్నాను. మూడు రోజుల్లో గది మార్చారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఆ సంతకం ఎందుకు పనిచేసిందో చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం, ఫిర్యాదు అందాక కూడా చర్య తీసుకోని సంస్థ అధిపతిని ఆ నేరానికి ప్రేరేపించినవాడిగానే పరిగణిస్తారు. నోటిమాటగా చెబితే ఫిర్యాదు అందిందని నిరూపించడం కష్టం. యాజమాన్యం కదలకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఒక్క మాట బాధతోనే చెబుతున్నాను: నేను హాస్టల్ బాధ్యత చూసిన రోజుల్లో, కొడుతూ దొరికిన పిల్లల్లో కొందరు అంతకు రెండేళ్ల ముందు అదే డార్మిటరీలో దెబ్బలు తిన్నవారే. అప్పుడు వారు చెప్పుకోవడానికి వస్తే, "సర్దుకోండిరా" అని పంపించింది నేనే.

డిగ్రీ విద్యార్థిని:
ఆంటీ, ఫిర్యాదు ఇచ్చే ముందు తమ్ముడితో మాట్లాడండి. నన్ను అడగకుండా మా అమ్మ నేరుగా తరగతిలోకే వచ్చి వాళ్ల పేర్లు చదివింది. ఆ తర్వాత ఏడాదంతా మధ్యాహ్నం అన్నం దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

నెల్లూరు అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని రాశాను. తేదీలు వాడికి ఒక్కటీ తప్పకుండా గుర్తున్నాయి. గది మార్చాకే పంపుతామని కూడా అందులో రాశాం. సోమవారం మేమిద్దరం వెళ్లి ఇస్తాం.