యోనాలో ‘బహు శాంతము’, నహూములో ‘దీర్ఘశాంతుడు’: మూలంలో ఒకే మాటా?

ప్రశ్న: బైబిల్లో నిర్గమకాండము 34:6లో ‘దీర్ఘశాంతము’, యోనా 4:2లో ‘బహు శాంతము’, నహూము 1:3లో ‘దీర్ఘశాంతుడు’ అని ఉంది. హీబ్రూలో మూడూ ఒకటేనా? ఒకటే అయితే, నహూములో అంత ఉగ్రత మధ్య శాంతం ఎలా ఇమిడిందండీ?

జవాబు: ఒకటేనండి. మూడుచోట్లా ‘ఎరెక్ అప్పయిమ్’. ‘ఎరెక్’ అంటే పొడవైన. ‘అప్పయిమ్’ అన్నది ‘అఫ్’కు ద్వివచనం, ‘అఫ్’ అంటే ముక్కు, కోపం కూడా. మనం ‘కోపం ముక్కుమీదే ఉంటుంది’ అంటాం. హీబ్రూ వాళ్లకు ముక్కే కోపం. బంగారు దూడ ఘట్టంలో (నిర్గమ 32:10) ‘నా కోపము వారిమీద మండును’ అన్నచోట మండేది ఈ ‘అఫ్’. రెండు అధ్యాయాలు దాటాక అదే ‘అఫ్’ పొడవైనదని దేవుడే చెప్పుకుంటాడు. ఆ రెండు వచనాలనూ కలిపి చదవకపోతే సగం అర్థం జారిపోతుంది.

ఇంకొకరు: చిక్కంతా ‘శాంతము’ దగ్గరే ఉంది. సంస్కృతంలో అది చల్లారిన స్థితి. మూలం చెప్పేది కోపం చల్లారిందని కాదు, రావడానికి చాలా సమయం పడుతుందని. సామెతలు 14:29లో ఈ మాటకు ఎదురుగా ‘ముంగోపి’ని నిలబెట్టారు. చక్కని ఎంపిక! ఒకడి కోపం ముందే వచ్చేస్తుంది, ఇంకొకడిది ఆలస్యంగా వస్తుంది. ఇద్దరికీ కోపం ఉంది.

మొదటి జవాబు రాసినవారు: అవును, నహూముకు తాళంచెవి అదే. యోనా, నహూము ఇద్దరి గురీ అష్షూరు రాజధాని నీనెవే. యోనా నిర్గమ 34:6ను దాదాపు మొత్తం వల్లిస్తాడు: కటాక్షం, జాలి, ఎరెక్ అప్పయిమ్, అత్యంత కృప. చివర ‘సత్యము’ను వదిలి ‘పశ్చాత్తాపపడి కీడుచేయక మానుదువు’ అన్నది చేరుస్తాడు. నీనెవెను దేవుడు శిక్షించకుండా వదిలేశాడన్నదే అతని ఫిర్యాదు. నహూము ‘ఎరెక్ అప్పయిమ్’ను ఉంచి, ‘విస్తారమైన కృప’ ఉండాల్సిన చోట ‘మహా బలము’ పెడతాడు. వెంటనే 34:7లోని ‘దోషులను నిర్దోషులుగా ఎంచడు’ అందుకుంటాడు. నహూము 3:8 నో అమోను, అంటే ఐగుప్తులోని థీబ్స్, పతనాన్ని గుర్తుచేస్తుంది. అది క్రీ.పూ. 663. బబులోనీయులు, మాదీయులు కలిసి నీనెవెను కూల్చింది 612లో. కాబట్టి ఈ ప్రవచనం ఆ మధ్యకాలపుదని చెప్పడం సబబు.

ప్రశ్న: అయితే ‘దీర్ఘశాంతము’ తప్పు అనువాదమా?

జవాబు: కాదండి. ‘దీర్ఘ’ ఆ ‘ఎరెక్’ను సరిగ్గా పట్టుకుంది. కొత్త నిబంధనలో దీర్ఘశాంతానికి వాడిన గ్రీకు మాట ‘మక్రొథుమియ’లోని ‘మక్రొ’ కూడా అదే. 2 పేతురు 3:9లో ‘మీయెడల దీర్ఘశాంతము గలవాడై యున్నాడు’ అన్నప్పుడు తీర్పుకు గడువు పొడిగించాడన్న భావం తెలుగులో స్పష్టంగా వినిపిస్తుంది. నాకు లోటనిపించేది యోనాలోని ‘బహు’. అది పరిమాణం చెబుతుంది, వ్యవధి చెప్పదు. పైగా యోనా మోషే విన్న మాటనే తిరిగి దేవుడి ముందు పెడుతున్నాడన్న సంగతి తెలుగు పాఠకుడి చెవికి అందదు.

ఇంకొకరు: ‘ఓర్పు’తో కలిపేయకండి. కొలొస్సయులకు 1:11లో ‘ఓర్పును, దీర్ఘశాంతమును’ అని రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది గ్రీకులో ‘హుపొమొనె’, కష్టాల కింద నిలబడడం. రెండోది మనుషుల మీద కోపాన్ని ఆపుకోవడం. రాసేటప్పుడు ‘ధీర్ఘ’ అని ఒత్తు పెట్టేస్తున్నారు చాలామంది. ‘దీ’కి ఒత్తు లేదు, ‘ఘ’కే ఉంది.