"పొలి పొలి" అన్నారా, "బలి బలి" అన్నారా?

తాటాకు: మా ఊరు ఇప్పుడు హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు లోపలికి వచ్చేసింది కానీ బొడ్రాయి, అదే ఊరి నడుమ పాతి పూజించే రాయి, మాత్రం ఉన్నచోటే ఉంది. నా చిన్నప్పుడు బొడ్రాయి పండగ రాత్రి ఒకాయన రక్తం కలిపిన అన్నం గంపకెత్తుకుని, ఊరి చుట్టూ చల్లుతూ పరుగెత్తాడు. వెనకున్న జనం అరిచింది "పొలి పొలి" అనా, "బలి బలి" అనా? నిద్రమత్తులో విన్నాను. చివర "మేర" అని కూడా ఏదో ఉంది.

గంటం: పొలే. పొలసు (మాంసం), పొలదిండి (రాక్షసుడు) తెలిసినవాళ్లకి ఇందులో సందేహమేముంది? పొల అంటే మాంసం.

కళ్లం: గంటం గారూ, మా చిత్తూరు వైపు కనుమనాడు పొలాల్లో పొంగలి చల్లుతూ "పొలి" అంటాం. అందులో మాంసం ముక్క ఎక్కడుంది? తమిళంలో పొలి అంటే ధాన్యపు రాశి, సమృద్ధి. ఊరు పచ్చగా ఉండాలనే అరుపు అది.

గంటం: మరి పొలియు అంటే చచ్చు. పెరగడమూ చావడమూ ఒకే మాటలోనా?

కళ్లం: బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనడం లేదూ?

పాదపూరణం: అసలు తిరకాసు "లి"లో ఉంది. పొలిమేర అంటే పొలము, మేర అని అందరూ చెప్పేదే. పొలమేర అనే రూపమూ ఉంది. మరి "ల" కాస్తా "లి" ఎందుకైంది? నన్నడిగితే పొలి చల్లినంత మేరా పొలిమేర. పొలికేక కూడా అక్కడ పుట్టిందే. పండితులు ఒప్పుకోరు, నేనూ తగ్గను.

కళ్లం: మేర అంటే హద్దొకటేనా? పంట నూర్చినప్పుడు చాకలికీ కమ్మరికీ కొలిచిచ్చే గింజలూ మేరే.

గంటం: మీకు అన్నీ కళ్లంలోనే దొరుకుతాయి!

తాటాకు: అర్ధరాత్రి పరుగులో గింజలెవరు కొలుస్తారండీ? అందరికంటే ముందు కొరడాతో పోతరాజు కూడా ఉన్నాడు.

ఏకశిల: పోతరాజు అన్నారు, బాగుంది. మన కవి పోతన కూడా "బమ్మెర పోతరాజొకఁడు" అనే చెప్పుకున్నాడు. గ్రామదేవత తమ్ముడి పేరు పెట్టుకున్నవాడు భాగవతాన్ని తీసుకెళ్లి హరికిచ్చాడు చూడండి!

గంటం: ఆ పద్యంలో "కాలుచే సమ్మెట వ్రేటులం బడక" దగ్గర మా బడిలో సగంమంది కాలితో తన్నడం అనుకున్నారు. కాలుడంటే యముడు.

ఏకశిల: అది తెలియనిదెవరికి? దానికి ముందు, రాజులిచ్చిన సొమ్ములు పుచ్చుకుని మైమరచే చోట ఉన్నది "చొక్కి"యా, "సొక్కి"యా? అది తేల్చండి.

పాదపూరణం: పోతన మావాడే అనే ఒంటిమిట్టవాళ్లనడగండి.

ఏకశిల: ఓరుగల్లువాళ్లం బతికే ఉన్నాం.

తాటాకు: అయ్యా, నా పొలి... మా మేనత్తకు ఫోన్ చేశాను. "ఆ మాట పొద్దుగూకినాక ఇంట్లో అనగూడదు, రేపు చెయ్" అంది. ఒకటి మాత్రం చెప్పింది. మొన్న మళ్లీ పండగ చేసినప్పుడు తూర్పు హద్దు అపార్ట్‌మెంట్ల లోపల పడిందట. వాచ్‌మన్ రానివ్వకపోతే గేటు ముందే చల్లి వచ్చారట.

పాదపూరణం: అంటే పొలిమేర జరిగినట్టే. చూశారా, నా మాటే నిజమైంది!

ఏకశిల: గేటు సంగతి సరే. చొక్కియా, సొక్కియా?